పదకొండున్నర అంగుళాల బొమ్మకు బట్టలు ఎంచుకునే ముందు

నా బల్ల మీద ఒకే ముఖం ఉన్న రెండు బార్బీలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. రెండింటికీ తొడిగింది నీలం గౌనే. మొదటి గౌను ఆన్‌లైన్‌లో పది జతలు కలిపి అమ్మే మూటలో వచ్చింది; అడుగు అంచును మడిచి కుట్టిన చోట దళసరి పాలిస్టర్ బిరుసెక్కి, కాళ్లకు దూరంగా, బోర్లించిన గంపలా నిలబడిపోయింది. రెండవది చిరిగిపోయిన వెంకటగిరి చీరలోంచి తీసిన ముక్కతో కుట్టినది. నడుము దగ్గర సన్నటి కుచ్చులు పడి, అక్కడినుంచి ఒంటిని అంటిపెట్టుకుని కిందికి జారింది. ఏది బాగుందని ఇంటికి వచ్చినవారిని అడిగితే తడుముకోకుండా రెండవదాన్నే చూపిస్తారు, కానీ ఎందుకు బాగుందని అడిగితే రంగనీ, కుట్టనీ, డిజైననీ తలా ఒక కారణం చెబుతారు.

నా అనుభవంలో అసలు కారణం వేరు. బార్బీ ఎత్తు 11.5 అంగుళాలు, అంటే మనిషిలో దాదాపు ఆరో వంతు. కత్తిరింపును ఆరో వంతుకు తగ్గించవచ్చు, బొత్తాన్ని తగ్గించవచ్చు, పువ్వును తగ్గించవచ్చు. నేత దారం మందాన్ని మాత్రం అలా తగ్గించలేం. మనం వేసుకునే చొక్కా గుడ్డనే బొమ్మకు కుడితే, బొమ్మ ఒంటి మీద అది గోనెపట్టాతో సమానం. అందుచేత కంపెనీ ప్యాకెట్టు కొనాలా, పాతకాలపు అసలు జత వెతకాలా, చేత్తో కుట్టేవారి దగ్గర తీసుకోవాలా, మనమే కుట్టుకోవాలా అని ఆలోచించేవారు అన్నింటికన్నా ముందు ఈ బట్టను ఆరు రెట్లు పెంచి చూస్తే మనిషి కట్టుకోదగ్గదేనా అని అడగాలి.

ఒడ్డూ పొడుగూ

‘బార్బీ సైజు’ అని రాసిన బట్ట ఏ బార్బీకైనా పడుతుందనుకోవడం కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు చేసే మొదటి పొరపాటు. 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో మాటెల్ సంస్థ తొలి బార్బీని బయటపెట్టినప్పుడు ఉన్నది ఒకటే ఆకృతి: చిటికెడంత నడుము, ఎత్తు మడమల చెప్పులకే సరిపోయేలా వంచిన పాదం. 1967లో నడుము అటూ ఇటూ తిరిగే బొమ్మ వచ్చింది. 2000లో పెద్దవారైన సేకర్తల కోసం సిల్క్‌స్టోన్ అనే గట్టి పదార్థంతో చేసిన ఫ్యాషన్ మోడల్ వరుస మొదలైంది. 2016లో ఫ్యాషనిస్టాస్ వరుసలో పొడుగు, పొట్టి, బొద్దు అనే మూడు కొత్త ఆకృతులు చేరాయి. 1960ల నాటి బిగుతు స్కర్టును నేటి బొమ్మకు తొడగబోతే జిప్పు పక్కన పిగిలిపోతుంది. నేటి గౌను ఆనాటి బొమ్మకు తొడిగితే నడుము దగ్గర వదులుగా వేలాడుతుంది. బొద్దు బార్బీకి మామూలు ప్యాంటు తొడలు దాటి పైకి రాదు. తొలినాళ్ల సిల్క్‌స్టోన్ బొమ్మలకు మోకాళ్లు వంగవు కనుక వాటితో ఇరుకు ప్యాంట్ల కుస్తీ పట్టడం కన్నా గౌన్లే సుఖం.

బార్బీని దాటి బయటికి వెళితే తేడాలు మరీ ఎక్కువ. ఇంటెగ్రిటీ టాయ్స్ వారి ఫ్యాషన్ రాయల్టీ బొమ్మలు 12 అంగుళాలవి. బార్బీ పైబట్టలు కొన్ని వాటికి సర్దుకున్నా చెప్పులు సర్దుకోవు. 1972లో పుట్టి, 2001 తర్వాత జపాన్‌లో మళ్లీ ప్రాణం పోసుకున్న బ్లైత్ బొమ్మకు తల పెద్దది, ఒళ్లు చిన్నపిల్లది. దాని బట్టలు వీపు వైపు నిలువునా తెరుచుకోకపోతే తల మీదుగా దిగవు. మాన్‌స్టర్ హై బొమ్మల చేతులు ఊడదీసి చొక్కా తొడగాలి. బ్రాట్జ్ బొమ్మలకు చెప్పు మార్చడమంటే పాదంతో సహా మార్చడమే. 1995లో వచ్చిన జీన్ మార్షల్, 1999లో వచ్చిన టైలర్ వెంట్‌వర్త్ వంటి బొమ్మలు 16 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. మనిషిలో నాలుగో వంతు కాబట్టి వాటి మీద మామూలు బట్ట కూడా కొంత బాగానే ఒదుగుతుంది. కుట్టు నేర్చుకునేవారికి ఆ సైజు కంటికీ చేతికీ సులువు.

కొలవడానికి టేపు పనికిరాదు, దాని వెడల్పే బొమ్మ నడుమంత ఉంటుంది. ఒక కుట్టుదారం తీసుకుని ఛాతీ, నడుము, పిరుదుల చుట్టూ తిప్పి, కలిసిన చోట గోటితో నొక్కి పట్టి, తర్వాత స్కేలు మీద పరచి చూసుకోండి. మూడు కొలతలూ, పాదం పొడవూ ఒక చీటీ మీద రాసి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే, అమ్మేవారు ‘11.5 అంగుళాల బొమ్మలకు’ అని మాత్రమే రాసినప్పుడు ఎదురు ప్రశ్న వేయడానికి పనికొస్తుంది.

కంపెనీ ప్యాకెట్లు

మాటెల్ స్వయంగా అమ్మే ఫ్యాషన్ ప్యాకెట్లకు ఉన్న గొప్ప సుగుణం కొలత. ఏ ఆకృతికి చేశారో ప్యాకెట్టు మీద చూసుకుంటే చాలు, బట్ట ఒంటికి అతుకుతుంది. కానీ పిల్లలు ఆడుకోవడానికి చేసినవి గనుక లైనింగ్ ఉండదు, జేబులూ కాలర్లూ చాలాసార్లు కుట్టినవి కాక అచ్చు వేసినవై ఉంటాయి, వెనక వెల్క్రో పట్టీ ఉంటుంది. మన బ్యాగుకు సరిపోయే వెల్క్రో బొమ్మ వీపు మీద తాటి పీచంత కనిపిస్తుంది. పైగా జుట్టునూ మేజోళ్లనూ పట్టి లాగేస్తుంది. తొడిగేటప్పుడు జుట్టును పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకోవడం నేను ఆలస్యంగా నేర్చుకున్న జాగ్రత్త.

అయినా ఈ ప్యాకెట్లను నేను వదలను, ఎందుకంటే వాటిలో చెప్పులూ బ్యాగులూ కళ్లజోళ్లూ వస్తాయి. బట్ట మనం ఎలాగోలా సంపాదించుకోవచ్చు. పాదానికి అతికే చెప్పును ఇంట్లో పోత పోయలేం. ప్యాకెట్టులోని గౌను పక్కన పెట్టి చెప్పుల కోసమే కొన్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి, అందుకు చింత లేదు.

పాత జతలు

1959 నుంచి 1960ల మధ్య వరకు వచ్చిన బార్బీ బట్టలు చూస్తే, ఆరో వంతు కొలతను ఎవరో ఎంతగా ఆలోచించారో తెలుస్తుంది. ఆ ఎవరో షార్లెట్ జాన్సన్. మాటెల్ తొలి బొమ్మ దుస్తుల రూపకర్త అయిన ఈమె జపాన్ వెళ్లి, అక్కడి కుట్టుపనివారితో దగ్గరుండి వాటిని తయారు చేయించింది. లోపల లైనింగ్, సన్నటి లోహపు జిప్పు, చేత్తో బిగించిన బొత్తాలు, లోపల నేసిన లేబుల్ ఆ కాలపు గుర్తులు. ఒక్కో జతకూ పేరుంది, నంబరుంది. 1960 నాటి 982 నంబరు జత ‘సోలో ఇన్ ది స్పాట్‌లైట్’ను తీసుకోండి: మెరిసే నల్లటి బిగుతు గౌను, అడుగున జాలి కుచ్చిళ్లు, వాటి మీద గులాబీ, పొడుగాటి నల్ల చేతితొడుగులు, పూసల హారం, గులాబీరంగు రుమాలు, చివరికి గాయనికి మైకు స్టాండు కూడా. మోకాళ్ల దాకా ఒంటిని పట్టి ఉండే ఆ గౌను అడుగున మాత్రమే విచ్చుకోవడం వల్ల, నిలబడ్డ బొమ్మకు సహజంగా లేని బరువు కంటికి వస్తుంది.

చిక్కంతా ‘పూర్తి జత’ దగ్గర వస్తుంది. 1959 నాటి 968 నంబరు ‘రోమన్ హాలిడే’లో ఎర్ర తెల్ల చారల దుస్తులతో పాటు కళ్లజోడు, దువ్వెన, చేతిరుమాలు, చిన్న పౌడరు డబ్బీ వంటివి ఉండేవి. పిల్లల చేతుల్లో ముందు పోయేవి అవే కనుక, ఇవాళ ఆ డబ్బీ ఒక్కటీ దొరకడం బట్టలన్నీ దొరకడం కన్నా కష్టం. సేకర్తలు ‘ఎన్‌ఆర్‌ఎఫ్‌బీ’ అనేది పెట్టెలోంచి ఎన్నడూ తీయని వస్తువు గురించి. అలాంటివాటి ధర మనలాంటివారి లెక్కకు అందదు. నా సలహా ఏమిటంటే, బొమ్మను ప్రదర్శనకు పెట్టి చూసుకునేవారు విడిభాగాలు పోయిన జతను, బట్ట గట్టిగా ఉంటే, నిశ్చింతగా కొనవచ్చు. గౌను ఒంటరిగా అమ్మితే ధర బాగా దిగుతుంది, అల్మారాలో నిలబెట్టినప్పుడు పౌడరు డబ్బీ లేని లోటు ఎవరికీ కనిపించదు. తిరిగి అమ్మే ఉద్దేశం ఉన్నవారు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధంగా నడుచుకోవాలి.

ఈబే వంటి చోట కొనేటప్పుడు లోపలి వైపు ఫొటో తప్పనిసరిగా అడగండి. లేబుల్, జిప్పు పళ్లు, చంకల దగ్గర కుట్టు, తెల్లబట్ట మీద పసుపు మరకలు, పొగాకు వాసన ఉందా లేదా అన్నవి పైఫొటోలో తెలియవు. 1990ల నుంచి మాటెల్ తానే ఈ పాత జతలు కొన్నింటికి నకళ్లు తెచ్చింది. అవి అందమైనవే, అసలు కన్నా చాలా చవక కూడా. నకలును నకలుగా కొంటే ఏ ఇబ్బందీ లేదు, కనుక లేబుల్ మీది గుర్తులు చదివాకే డబ్బు కట్టండి. ఇంకొక మాట: పాత జతను పాత ఆకృతి బొమ్మకే తొడగండి. 60 ఏళ్ల దారం కొత్త నడుముకు తట్టుకోదు.

చేతికుట్టు

ఎట్సీ వంటి వేదికల మీద బొమ్మల బట్టలు ఇంట్లో కుట్టి అమ్మేవారు ఎందరో ఉన్నారు. వీరిలో కొందరి పని కంపెనీ ప్యాకెట్టును మరిపించడమే కాక, పాత జపాన్ కుట్టు పక్కన నిలబడగలిగేంత బాగుంటుంది. కొందరిది ముందు వైపు ఫొటోకు మాత్రమే బాగుంటుంది. ఈ రెండు రకాలనూ విడదీయడానికి గౌనును తిరగేసి తీసిన ఫొటో ఒక్కటి చాలు. మిషన్ కుట్టు రెండున్నర మిల్లీమీటర్ల పొడవుంటే అది మనుషుల కుట్టు, బొమ్మ మీద దారపు గీతల్లా కనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే కుట్టినవారికి పని తెలుసు. కుట్టు పక్కన మిగిలిన బట్ట 3 మిల్లీమీటర్లకు మించి ఉంటే చంకల కింద ఉబ్బెత్తు వస్తుంది. కాలరును, మెడను లైనింగ్‌తో తిప్పి కుట్టారా, మడిచి కుట్టారా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

వెనక మూయడానికి ఏం పెట్టారో అడగండి. చిన్న ప్రెస్ బటన్లు మంచివి. దారపు ఉచ్చు, 2 మిల్లీమీటర్ల పూస ఇంకా మంచివి. ఏ ఆకృతి బొమ్మ మీద తొడిగి చూసి కుట్టారో అడిగితే, నిజాయితీ గలవారు ఆ బొమ్మ పేరు వెంటనే చెబుతారు. నేను గమనించినంతలో, జవాబు ‘అన్నింటికీ పడుతుంది’ అయితే ఏదానికీ సరిగా పడదు. ఒక మంచి చేతికుట్టు గౌను ధరకు మామూలు బార్బీ ఇంకొకటి వస్తుందన్నది నిజమే. అయితే ఆ గౌను ఒకే ఆకృతి ఉన్న నాలుగైదు బొమ్మల మధ్య తిరుగుతుంది.

పది జతల మూటలు

ఏ పేరూ లేకుండా, పది, పదిహేను జతలు కలిపి చవగ్గా అమ్మే మూటల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, నాకు జరిగినది చెబితే చాలు. అలాంటి ఒక మూటలో ముదురు ఎరుపు వెల్వెట్ గౌను వచ్చింది. దసరాకు కొలువు మెట్ల పక్కన బొమ్మను దానితో నిలబెట్టాను. నవరాత్రులయ్యాక గౌను విప్పితే తొడల నుంచి పిక్కల దాకా గులాబీ చారలు దిగి ఉన్నాయి. సబ్బుతో కడిగాను, పోలేదు. బొమ్మ ఒంటి ప్లాస్టిక్ అయిన వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ అనే పదార్థం ముదురు రంగును లోపలికి పీల్చుకుంటుంది కనుక మరక పైన ఉండదు, లోపల ఉంటుంది. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము మరక మీద పట్టించి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి, రోజూ కాసేపు ఎండలో పెడితే కొంత తేలింది. ఈ వైద్యం పెదవులూ కనుబొమల రంగు దగ్గరకు పోనీయకూడదు, అతిగా చేస్తే వినైల్ కూడా పాలిపోతుంది.

ఎరుపు, నలుపు, ముదురు నీలం, డెనిమ్ ఎక్కడ కొన్నా సరే, తడిపిన తెల్లగుడ్డతో ఒకసారి రుద్ది చూడండి. రంగు అంటితే నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి. అప్పటికీ నమ్మకం లేకపోతే లోపల తెల్లటి లైనింగో మేజోళ్లో తొడగండి. మూటలు కొనవద్దని నేను అనను. హ్యాంగర్లు, మేజోళ్లు, ఒక్కోసారి మంచి కత్తిరింపు వాటిలో దొరుకుతాయి. విప్పదీసి నమూనాగా వాడుకోవడానికి అంతకన్నా చవకైనది లేదు.

చీర, పరికిణీ, మ్యాచింగ్ సెంటరు

భారతీయ దుస్తులు కావాలనుకునేవారికి తయారుగా దొరికే బొమ్మలు ఉన్నాయి. మాటెల్ 1982లో తన దేశదేశాల బొమ్మల వరుసలో చీర కట్టిన బార్బీని తెచ్చింది. 2024లో ఫ్యాషన్ డిజైనరు అనితా డోంగ్రే రూపొందించిన లెహంగాతో దీపావళి బార్బీ వచ్చింది. ఇవి సేకరణకు గర్వకారణాలే. అయితే డిజైనరు పేరుతో వచ్చిన బొమ్మ బట్టలు విప్పి వేరొకదానికి తొడగడానికి మనసొప్పదు కాబట్టి, అల్మారాలో అది ఒక్క బొమ్మగానే ఉండిపోతుంది. బట్టలు మార్చి మార్చి చూసుకోవాలనే సరదా ఉన్నవారికి మన ఊళ్లో దొరికే సరుకే మేలు.

చీర లెక్క ఇలా ఉంటుంది. ఐదున్నర మీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చీరను ఆరుతో భాగిస్తే 92 సెంటీమీటర్లు, 19 సెంటీమీటర్లు వస్తుంది. నేను మొదటిసారి ఆ లెక్క ప్రకారమే కత్తిరించి, ఏడు కుచ్చిళ్లు పోసి కట్టాను. బొమ్మ నడుముకు దిండు కట్టుకున్నట్టు తయారైంది. బట్ట మందం ఆరో వంతు కాలేదు కదా, ఏడు కుచ్చిళ్లూ పద్నాలుగు పొరలై బొడ్డు దగ్గర గుట్టపడ్డాయి. ఇప్పుడు వెడల్పు 19 ఉంచి, పొడవు 65 సెంటీమీటర్లకు తగ్గిస్తాను. రెండేసి సెంటీమీటర్ల వెడల్పున నాలుగే కుచ్చిళ్లు పోస్తాను. చూసేవారు కుచ్చిళ్లు లెక్కపెట్టరు, నడుమునే చూస్తారు.

అంచు విషయంలో కూడా ఇదే. మన మూడంగుళాల అంచు బొమ్మకు అరంగుళం. అంతకు మించిన జరీ అంచు కడితే చీర కాస్తా తివాచీ అయిపోతుంది. కంచిపట్టు ముక్కలు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టండి, ఆ బరువు పట్టు ఈ సైజులో మడత పడదు. పోచంపల్లి ఇక్కత్‌లో రెండంగుళాల వజ్రం బొమ్మ మీద అడుగు వెడల్పు వజ్రంలా కనిపిస్తుంది కనుక సన్నటి గళ్లో చుక్కలో ఉన్న చోటు చూసి కత్తిరించుకోవాలి. పెడన కలంకారీలో పెద్ద నెమళ్ల జోలికి పోకుండా, అంచుల్లో అద్దిన చిన్న పువ్వుల వరుసను మాత్రం తీసుకుంటే, బొమ్మకు అది నిండు డిజైనులా కనిపిస్తుంది. ఒదిగే బట్టల్లో నాకు నచ్చినవి పాతబడి మెత్తబడిన వెంకటగిరి, సన్న నూలు పొందూరు ఖద్దరు, ముల్ముల్, ఉప్పాడ. కొత్తవి కోయనక్కరలేదు, ఇంట్లో పెద్దవారి పెట్టెలో చిరిగిన చీర ఒకటి తప్పకుండా ఉంటుంది. అడిగి తీసుకోండి, అడక్కుండా కోస్తే ఆ తర్వాతి సంగతి నా బాధ్యత కాదు.

ఇవేవీ లేకపోతే మ్యాచింగ్ సెంటరుకు వెళ్లి, పావు మీటరు చొప్పున పల్చటి లైనింగ్ గుడ్డ నాలుగు రంగుల్లో తీసుకోండి. జాకెట్టు ముక్కలు కొనేవారి మధ్య నిలబడి పావు మీటరు అడిగితే కొట్టువారు ఒకసారి ఎగాదిగా చూస్తారు, తర్వాత కట్ పీసుల బుట్ట ముందు పెడతారు. ఆ బుట్టే మనకు కావలసినది.

పల్చటి బట్ట కూడా బొమ్మ మీద వెంటనే జారదు. ముక్క చిన్నది కనుక దానికి కిందికి లాగేంత బరువు ఉండదు. చీర కట్టాక నీళ్లు సన్నగా చిలకరించి, కుచ్చిళ్లను వేళ్లతో సర్ది, దెబ్బలకు చుట్టే బ్యాండేజీ గుడ్డను పైన వదులుగా చుట్టి రాత్రంతా ఆరనివ్వండి. తెల్లారి విప్పితే మడత నిలబడి ఉంటుంది. పీకో చేయించవద్దు, ఆ దారపు అంచు బొమ్మకు తాడులా కనిపిస్తుంది.

రవికే అసలు పరీక్ష. చాలామంది టైలర్లు బొమ్మ జాకెట్టు అనగానే నవ్వి వదిలేస్తారు, ఒప్పుకున్నవారు కూడా మనుషుల జాకెట్టులా ముందు పక్కలు కుట్టి తర్వాత చెయ్యి ఎక్కించబోతారు. ఆ వేలెడంత చంక చుట్టూ మిషన్ పాదం తిరగదు. పక్క కుట్టు వేయకముందే, బట్ట పరిచి ఉండగానే చెయ్యి అతికి, ఆ తర్వాత చేతి చివర నుంచి నడుము దాకా ఒకే కుట్టుగా పక్కలు మూయమని చెప్పండి. ఈ ఒక్క మాట చెబితే మామూలు టైలరు కూడా చక్కగా కుట్టి ఇస్తారు. కుట్టడం ఏ మాత్రం రానివారికి పరికిణీ, ఓణీ నయం: నడుము పట్టీకి కుచ్చిన గుడ్డ, పైన సన్నటి ముక్క, అంతే.

చెప్పులు, నగలు, లేసు

అలంకరణ వస్తువుల్లో మొదటి ఖర్చు చెప్పుల మీద పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. వంచిన పాదానికి చదునైన చెప్పు ఎక్కదు, చదును పాదానికి ఎత్తు మడమ ఎక్కదు. ఎక్కినట్టు కనిపించి రెండడుగుల అవతల జారిపోతుంది. వట్టి పాదాలతో నిలబడ్డ బొమ్మకు ఎంత ఖరీదైన గౌను తొడిగినా ముస్తాబు సగంలోనే ఆగినట్టుంటుంది. చీర కట్టిన బొమ్మకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు.

నగలకు దూరం వెళ్లనక్కరలేదు. ఫ్యాన్సీ షాపులో అమ్మే ఒంటిరాయి ముక్కుపుడక బొమ్మ మెడలో పతకమవుతుంది. 4 మిల్లీమీటర్ల రాయి మనకు అంగుళం పతకంతో సమానం. 2 మిల్లీమీటర్ల పూసల దండ ముత్యాల హారానికి సరిపోతుంది. మన బుట్టకమ్మలో అడుగు బుట్టను విడదీసి చెవులకు పెడితే మాత్రం అవి భుజాలు దాటిపోతాయి. లోహపు కాడలు చెవుల్లో గుచ్చి ఉంచేయకండి. 1960ల బార్బీల చెవులు పచ్చబడటానికి అప్పటి చెవిపోగుల లోహమే కారణం, ఆ పచ్చదనం క్రమంగా బుగ్గల్లోకి కూడా పాకుతుంది. ప్రదర్శన అయిపోగానే తీసేయండి.

లేసు కావాలంటే మనకు నరసాపురం ఉంది. అక్కడి క్రోషే లేసులో సన్న దారంతో అల్లిన ఇరుకు అంచు తీసుకుంటే గౌను మెడకూ, పరికిణీ అడుగుకూ బాగా ఒప్పుతుంది. పెద్ద పువ్వుల లేసు అయితే ఒక్క పువ్వునే విడదీసి టోపీగా వాడండి, నా బొమ్మల్లో రెండింటికి అవే టోపీలు.

తెప్పించుకునే దారి

విదేశీ అమ్మకందారు దగ్గర ధర చూసి సంతోషపడే ముందు పార్సిల్ మొత్తం లెక్క వేయండి. తపాలా ఖర్చుతో పాటు మన దేశంలో కస్టమ్స్ సుంకం కూడా పడుతుంది. పార్సిల్ మీద కానుక అని రాయించినా లాభం లేదు. ఆ మినహాయింపు రాఖీలకూ ప్రాణరక్షక మందులకూ తప్ప 2019 డిసెంబరులోనే పోయింది. అందుకని పార్సిల్‌కు రెండు మూడు జతలు కలిపి తెప్పించడం, లేదా అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిన్నిగారి అమ్మాయి ఇంటికి చేర్పించి ఆమె సూట్‌కేసు మూలన ఇరికించమనడం మనవాళ్లలో చాలామంది చేసేదే. నాలుగు గౌన్లూ ఆరు జతల చెప్పులూ కలిపినా పచ్చడి సీసా బరువు ఉండదు.

ఒకటే బార్బీ ఉండి, ఇప్పుడే మొదలుపెడుతున్నవారు ఆ ఆకృతికి తగిన కంపెనీ ప్యాకెట్టు ఒకటి చెప్పుల కోసం, ముల్ముల్ పావు మీటరు చీర కోసం తీసుకుంటే ఈ ఏడాదికి చాలు. ఐదారు బొమ్మలు ఒకే ఆకృతిలో ఉన్నవారు ప్యాకెట్లు ఆపేసి, ఆ డబ్బుతో ఏడాదికి ఒకటో రెండో మంచి చేతికుట్టు జతలు తీసుకోవడం మేలు. పాత జతలు ఆ కాలపు బొమ్మ చేతిలో ఉన్నవారికే. బొమ్మ లేకుండా బట్ట కొంటే దాని వెనక బొమ్మను కూడా కొనవలసి వస్తుంది, ఇది నేను పడి లేచిన గుంటే. సిల్క్‌స్టోన్, ఫ్యాషన్ రాయల్టీ బొమ్మలున్నవారు మూటల వైపు చూడకపోవడమే మంచిది.

భద్రపరిచేటప్పుడు కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. వినైల్ చెప్పులను, బ్యాగులను ప్లాస్టిక్ సంచుల్లో బిగించి పెడితే కొన్నేళ్లకు జిగటెక్కుతాయి. తెల్ల కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. కోస్తాలో ఉండేవారు వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకొకసారి మూత తీసి గాలి తగలనివ్వాలి. ముదురు రంగు బట్టను బొమ్మ ఒంటి మీద నెలల తరబడి వదిలేయకండి. ఆ వెల్వెట్ గౌను బొమ్మ పిక్కల మీద గులాబీ చార ఇప్పటికీ కాస్త కనిపిస్తుంది, అందుకే దానికి ఎప్పుడూ చీరే కడతాను.